ఆదివారం ఒక్కటే మనది

*దుబాయి టూరు ప్యాకేజీల ముచ్చట ఇప్పుడు మన చిన్న పట్నాల్లోనూ జోరుగా నడుస్తోంది. ఏండ్ల తరబడి అదే నగరంలో బతుకుతున్న లక్సెట్టిపేట దోస్తులు మాత్రం ఆ ఊరిని చూసేది వారానికి ఒక్క రోజే. వాళ్ల వెంట ఒక ఆదివారం...*

కూలింగ్ అద్దాలు ఒక్కటే. మనుషులు నలుగురు.

ముందు మేస్త్రి పెట్టుకున్నాడు. వెనక బుర్జ్ ఖలీఫా కొస దాకా పడాలంటే ఫొటో తీసేవాడు నేల మీద పడుకోవాల్సిందే. జన్నారం దోస్తుకు మొహమాటం లేదు. నున్నటి బండల మీద వెల్లకిలా పడి, ఫోను ఆకాశానికి ఎత్తి పట్టాడు. "అరే, తలకాయ తెగుతున్నది. రెండడుగులు ఇటు జరుగు. ఆఁ... ఇగ నవ్వు." అద్దాలు మేస్త్రి ముఖం మీంచి దండేపల్లి దోస్తు ముఖం మీదికి, అక్కడి నుంచి ధర్మపురి పిలగాని ముఖం మీదికి మారాయి. ఆఖరుకు పడుకున్నోడు లేచి, వీపు దులుపుకుని తనూ పెట్టుకున్నాడు.

ఐదు నిమిషాల్లో నాలుగు ఫొటోలు నాలుగిళ్లకు పోయాయి. దుబాయిలో రాత్రి ఎనిమిది, మన దగ్గర తొమ్మిదిన్నర. ఇంటోళ్లు ఇంకా పడుకోలేదు. మేస్త్రి ఫోను మోగింది. అవతల చిన్న కొడుకు.

"నాన్నా, పైకి ఎక్కినవా?"

"రేపు ఎక్కుత బిడ్డా."

ఫోను జేబులో పెట్టుకుని మా వైపు చూసి నవ్వాడు. రేపు సోమవారం. తెల్లవారుజామున ఐదింటికి కంపెనీ బస్సు.

మంచిర్యాల, జగిత్యాల బస్టాండుల చుట్టుపక్కల గోడల మీద ఈమధ్య కొత్త బొమ్మలు కనబడుతున్నాయి: నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు, ఎడారిలో జీపు షికారు. సార్లు, వ్యాపారులు, పిల్లల పరీక్షలయిన కుటుంబాలు పోయి వస్తున్నాయి. పోవాల్సిందే, చూడాల్సిన ఊరే. నేనూ ఒక పని మీద పోయాను. పని రెండు రోజుల్లో తెమిలింది. మూడో రోజు ఆదివారం. లక్సెట్టిపేటలో నాతో చదువుకున్న మేస్త్రి ఫోన్ చేశాడు. "హోటల్ల పండి ఏం జేస్తవ్? మాతోని రా. మా దుబాయి సూపిస్త."

ఆ 'మా' అన్న మాట కోసమే వెళ్లాను.

ఇస్త్రీ పెట్టె ముందు వరుస

సోనాపూర్ అంటే బంగారు ఊరు. ప్రభుత్వ పటంలో దాని పేరు ముహైస్నా 2. నగరం అంచున వరసగా పెద్ద పెద్ద కార్మిక క్యాంపులు. మేస్త్రి గదిలో రెండంతస్తుల మంచాలు నాలుగు, మనుషులు ఎనిమిది మంది. ప్రతి మంచానికీ దుప్పటి తెర. ఆ తెర లోపలే ఇల్లు: ఒక సత్యనారాయణ స్వామి పటం, ఒక ఛార్జరు, ఒక మామిడి తొక్కు సీసా.

పొద్దున ఎనిమిదింటికి వరండాలో ఇస్త్రీ పెట్టె ముందు పది మంది నిలబడ్డారు. చేతుల్లో తలా ఒక అంగీ. ఆరు రోజులూ కంపెనీ బట్టలే కాబట్టి ఆ ఒక్క అంగీ మీద ఉన్న శ్రద్ధ అంతా ఇంతా కాదు. దండేపల్లి దోస్తు కాలరు మీద నీళ్లు చిలకరించి మూడు సార్లు తిప్పి తిప్పి రుద్దాడు. "పెండ్లి సూపులకా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. "నా పెండ్లాం వీడియో కాల్ల సూస్తది" అన్నాడు, తల తిప్పకుండానే.

ఇదివరకు సెలవంటే జుమ్మా, శుక్రవారం. 2022 జనవరి 1 నుంచి ఎమిరేట్స్ ప్రభుత్వం వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చింది. చాలా కంపెనీలు కూలీల సెలవును ఆదివారానికి జరిపాయి. మొదట్లో తిప్పలైందట. "ఇరవై ఏండ్లు ఇంటోళ్లు జుమ్మా నాడు ఫోన్ జేసేటోళ్లు. అలవాటు తప్పనీకె ఆర్నెల్లు పట్టింది" అన్నాడు మేస్త్రి. ఒక మేలు మాత్రం జరిగింది: పిల్లలకూ అదే రోజు బడి సెలవు.

గోదావరి వాళ్లకు ఒక్క దిర్హాము పడవ

బస్సెక్కి దేరాలో దిగాం. మొదటి మజిలీ బంగారు బజారు. ఇక్కడ ఒక దుకాణం అద్దాల్లో గిన్నిస్ రికార్డు ఉంగరం ఉంటుంది, పేరు నజ్మత్ తైబా. బరువు దాదాపు 64 కిలోలు. రాళ్లు తీసేసినా 58 కిలోల పైచిలుకు బంగారమే. జనమంతా దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. ధర్మపురి పిలగాడు మాత్రం వేళ్ల మీద లెక్క కడుతున్నాడు. "ఐదువేల ఎనిమిది వందల తులాలు. పెండ్లికి ఐదు తులాలు అనుకో కాకా... వెయ్యి పెండ్లిల్లు దాటుతయి." ఇద్దరు చెల్లెండ్ల అన్న లెక్క అది. దుకాణంలోకి ఎవరూ పోలేదు. ధర బోర్డు మాత్రం అందరూ చదివారు, క్రికెట్ స్కోరు చూసినట్టు.

అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే క్రీక్. సముద్రం ఊళ్లోకి చొచ్చుకొచ్చిన పాయ. ఇవతల దేరా, అవతల బర్ దుబాయి, మధ్యలో అబ్రా అనే కట్టె పడవలు. రేవు దాటడానికి ఒక్క దిర్హాము. ఇంత ఖరీదైన నగరంలో ఇంత చవకైన, ఇంత అందమైన ప్రయాణం ఇంకోటి లేదని నా అభిప్రాయం. టూరు ప్యాకేజీల వాళ్లు రాత్రిపూట దీపాల ఓడలో ఇదే నీటి మీద తిప్పి ఎన్నో రెట్లు వసూలు చేస్తారు.

పడవ కదలగానే నలుగురూ ఒకేసారి మాటలాపేశారు. పక్కనుంచి తెల్ల కొంగలాంటి పిట్టలు నీళ్లకు తగులుతూ పోయాయి. ఇంజను చప్పుడు మీదుగా మేస్త్రి అరిచాడు: "పుష్కరాల పడవ యాదికున్నదా?" ఎందుకు లేదు? 2003లో ధర్మపురి రేవులో ఇద్దరం ఒకే పడవలో కిక్కిరిసి కూర్చున్నాం. మళ్లీ 2015 పుష్కరాలకు వాడు రాలేకపోయాడు, చుట్టీ దొరకలేదు. "2027ల పక్కా వస్త" అన్నాడు. చెయ్యి వంచి క్రీక్ నీళ్లు ముట్టుకుని, ఉప్పు నీళ్లని గుర్తొచ్చి అంగీకి తుడుచుకున్నాడు.

> మన రూపాయే అక్కడి నాణెం
> ఒకప్పుడు దుబాయిలో చెల్లింది భారత రూపాయే. గల్ఫ్ దేశాల వాడకం కోసమే 1959లో రిజర్వు బ్యాంకు విడిగా 'గల్ఫ్ రూపాయి' నోట్లు అచ్చేసింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించడంతో అప్పటికీ దాన్ని వాడుతున్న దేశాలు ఒక్కొక్కటిగా వదిలేశాయి. 1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ ఒక దేశంగా ఏర్పడింది, 1973లో దిర్హాము వచ్చింది. 2025లో ఒక దిర్హాము కొనాలంటే మనకు 24 రూపాయలకు అటూ ఇటూ అయ్యేది.

బర్ దుబాయి ఒడ్డున బట్టల బజారు దాటితే ఒక సన్నటి సందు. పూల దండలు, కొబ్బరికాయలు, అగరొత్తులు. అక్కడి శివాలయం ఎన్నో దశాబ్దాలు మనవాళ్లకు పుట్టింటి గుమ్మంలా ఉండేది. 2024 జనవరిలో దాన్ని జెబెల్ అలీకి తరలించారు. అక్కడ 2022లో కట్టిన పెద్ద గుడి ఉంది, పక్కనే సిక్కుల గురుద్వారా ఉంది. గుడి బాగుంటుంది, చల్లగా ఉంటుంది, కానీ దూరం. "గీ సందుల చెమటలు కక్కుకుంట మొక్కితెనే మొక్కినట్టు ఉండె" అన్నాడు దండేపల్లి దోస్తు.

1787 నాటి అల్ ఫాహిదీ కోటను బయటి నుంచే చూశాం. మట్టి రంగు గోడలు, పొట్టి బురుజు. "గింతేనా ఖిల్లా?" అన్నాడు జన్నారం దోస్తు. జగిత్యాల కోట చూసినవాడికి అది ఆనదు మరి.

మధ్యాహ్నం కరామాలో ఆంధ్రా భోజనం. పప్పు, గోంగూర, పెరుగు. బాగుంది. మక్క గట్క, సర్వపిండి ఉన్నాయా అని అడిగితే సర్వర్ మమ్మల్ని వింతగా చూశాడు.

బండ మీద నాణెం చప్పుడు

మెట్రో ఎక్కాం. దుబాయి మెట్రో 2009 సెప్టెంబరు 9 రాత్రి మొదలైంది. తొమ్మిదో నెల, తొమ్మిదో తేదీ, తొమ్మిదో ఏడు: ముహూర్తాల పిచ్చి మనకే అనుకోవద్దు. రైలు నడిపే మనిషి ఉండడు. ముందు పెట్టెలో అద్దం దగ్గర నిలబడే అవకాశం ఎక్కువ ధర టికెట్ ఉన్నవాళ్లకే.

ఒక స్టేషన్‌లో రైలు మారాల్సి వచ్చింది. జన్నారం దోస్తు అక్కడ కాసేపు ఆగిపోయాడు. జేబులోంచి ఒక దిర్హాము నాణెం తీసి వంగి ఒక బండ మీద టక్ టక్ మని కొట్టాడు. చెవి ఒగ్గి విన్నాడు. లేచాడు. "డొల్ల లేదు."

ఆ బండలు పరిచిన గ్యాంగులో అతనూ ఒకడట. 2008లో ఊరి నుంచి వచ్చాక చేసిన మొదటి పని. బండ కింద మాలు సరిగా పడకపోతే కొట్టినప్పుడు బోలు చప్పుడొస్తుంది. ఫోర్‌మన్ రోజూ సాయంత్రం అలాగే నాణెంతో కొట్టి చూసేవాడు, డొల్ల తగిలితే మళ్లీ పీకించేవాడు. ఇన్నేండ్ల తర్వాత కూడా ఈ స్టేషన్‌కు వచ్చిన ప్రతిసారీ వీడు కొట్టి చూస్తాడని మిగిలినవాళ్లు నవ్వారు. ఏ గైడు పుస్తకంలోనూ ఈ బండ గురించి ఉండదు. నా మటుకు నాకు ఆ రోజు చూసిన వాటిలో ఇదే గొప్ప కట్టడం.

బుర్జ్ ఖలీఫా స్టేషన్‌లో దిగితే మాల్ దాకా చల్లగాలి గొట్టంలాంటి దారి. నడవగా నడవగా వస్తుంది. మాల్‌లో పెద్ద చేపల తొట్టి అద్దం బయట నిలబడి చూడటానికి డబ్బులక్కర్లేదు. నలుగురూ ఇరవై నిమిషాలు కదల్లేదు. చీకటి పడుతుండగా బయట నీటి ఫౌంటెన్ దగ్గరికి చేరాం. మరమ్మతుల కోసం 2025లో కొన్ని నెలలు ఆపి అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టారు. అరగంటకోసారి పాట, నీళ్ల ఆట. అదీ ఉచితమే. ఆ ఉచితాల మీదే మనవాళ్ల ఆదివారం నడుస్తుంది.

అద్దాలు బిగించక ముందు

బుర్జ్ ఎత్తు 828 మీటర్లు. గూడెం గుట్ట మెట్లెక్కి ఆయాసపడే మనకు ఆ అంకె బుర్రకెక్కదు. 2004 జనవరిలో పని మొదలైంది. పని ఉధృతంగా సాగిన రోజుల్లో ఒక్కరోజే 12 వేల మంది పనిచేసేవారు, ఎక్కువ మంది దక్షిణాసియా వాళ్లు. 2006 మార్చిలో ఆ పనిచోటే జీతాల మీద, తీరు మీద రెండున్నర వేల మంది కూలీలు తిరగబడ్డారు, కార్లు, కంప్యూటర్లు పగిలాయి. 2010 జనవరి 4న ప్రారంభమైన రోజే 'బుర్జ్ దుబాయి' పేరు కాస్తా బుర్జ్ ఖలీఫా అయింది. పైన చూసే అంతస్తుకు టికెట్ 150 దిర్హాములు దాటుతుంది. మేస్త్రికి నాలుగు రోజుల కూలి.

"నిజంగానే ఎన్నడూ ఎక్కలేదారా?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. 2007లో ఎనిమిది నెలలు ఆ బిల్డింగులోనే గోడ పని చేశాడట. డెబ్బయ్యో అంతస్తు దాకా పోయాడు. అద్దాలు ఇంకా బిగించలేదు. గాలి ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి పోయేది. పొద్దున పూట కింద మంచు కమ్మితే ఊరు కనిపించేది కాదు, మబ్బు మీద నిలబడ్డట్టు ఉండేది. "అప్పుడు లిఫ్టుకు టికెట్ లేకుండె" అన్నాడు.

"మరి కొడుకుకు చెప్పొచ్చు గదా?"

"చెప్తే ఫొటో సూపియ్యుమంటడు. అప్పుడు లోపటికి ఫోన్ తీస్కపోనియ్యకపోదురు."

అదే గోడ మీద 2021 అక్టోబరు 23 రాత్రి బతుకమ్మ పూసింది. తెలంగాణ జాగృతి ఏర్పాటు చేసిన ప్రదర్శన. ఏ.ఆర్. రెహమాన్ స్వరపరచిన పాట, బిల్డింగు పొడవునా రంగురంగుల పూలు. ఆ రాత్రి మేస్త్రి ఇక్కడే, ఇదే జనంలో ఉన్నాడు. "గా పూలల్ల నేను కట్టిన గోడ ఏడ ఉన్నదో వెతికిన" అన్నాడు. దొరికిందా అని నేను అడగలేదు.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి

ఉత్తర తెలంగాణ పల్లె బతుకును ఈ మూడు మాటల్లో చెప్పడం మనకు అలవాటు. లక్సెట్టిపేటకు మూడూ అక్షరాలా వర్తిస్తాయి. ముప్పై కిలోమీటర్ల లోపే మంచిర్యాల, దాని చుట్టూ సింగరేణి గనులు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలకు పడిపోయింది. తండ్రి బాయి పని చేసిన ఇంట్లో కొడుక్కు ఆ దారి మూసుకుపోయింది.

బొంబాయి దారి అంతకు ముందే మూసుకుంది. కరీంనగర్ పల్లెల నేతగాళ్లు అక్కడి మిల్లుల్లో తరాలుగా పనిచేశారు. 1982 జనవరిలో మొదలైన మిల్లుల సమ్మె ఆ కొలువులను మింగేసింది. అప్పటికే 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు ఊపందుకున్నాయి. బొంబాయిలో పని పోయినవాడికి విమానాశ్రయమూ, ఏజెంటూ పక్క వీధిలోనే దొరికారు. ఆ మొదటి జట్టు ఊరికి టేప్ రికార్డరుతో తిరిగొచ్చింది. మిగతాది మనకు తెలిసిందే.

భూమి లేదా అంటే ఉంది. కడెం ప్రాజెక్టు కింద సుమారు 68 వేల ఎకరాల ఆయకట్టు; జన్నారం, దండేపల్లి దాటి కాలువ లక్సెట్టిపేటకు చేరేసరికి చివరి మడి. నీళ్లు నిండుగా వచ్చిన ఏడు వరి, రాని ఏడు వీసా. దండేపల్లి దోస్తుకు ఎకరంన్నర. మూడు బోర్లు వేశాడు. మూడో బోరు అప్పు తీర్చడానికి వచ్చాడు, తీరింది. తర్వాత ఇల్లు, తర్వాత బిడ్డ చదువు. దుబాయిలో అప్పు తీరుతుంది గానీ అవసరం తీరదు.

జీతం 1,100 దిర్హాములు. మెస్సుకు, ఫోనుకు, సబ్బుకు పోగా మిగిలింది ఇంటికి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ కచ్చితమైన నిబంధన ఉంది. అది మంచి నిబంధన, అమలవుతుందని నలుగురూ చెప్పారు. మన దగ్గర రోడ్డు పని కూలీకి మే నెలలో ఆ మాత్రం నీడ ఉందా?

ఫొటో వెనక పిలగాడు

ఇక ధర్మపురి పిలగాని సంగతి. వాడికి ఇరవై నాలుగేండ్లు. ఎందుకొచ్చావని అడిగితే మేస్త్రి వైపు వేలు చూపించాడు.

"కాకా ఫొటోలు సూసి."

ఇదే ఈ కథలో కంట్లో నలుసు. బుర్జ్ ముందు కూలింగ్ అద్దాలతో దిగిన ఆ ఫొటో ఇంటి గోడ మీదికి, వాట్సాప్ స్టేటస్ లోకి, పక్కింటి పిలగాని కళ్లలోకి పోతుంది. ఎనిమిది మంది గది ఫొటో ఎవడూ పంపడు. పంపితే తల్లి అన్నం తినదు. ఇంటోళ్ల మీది ప్రేమతో ఆడే అబద్ధమది, దానికి తప్పు పట్టలేను. కానీ ఏ ఏజెంటూ అంత మంచి ప్రకటన వేయలేడు.

ధర్మపురి పిలగాని దగ్గర ఒక ఏజెంటు లక్షా నలభై వేలు తీసుకుని, స్టోర్ కీపర్ కొలువని చెప్పి విజిట్ వీసా చేతిలో పెట్టాడు. వచ్చాక దొరికింది మెట్లు కడిగే పని. వీసా గడువు ముగిసింది. మన వాళ్ల భాషలో 'ఖల్లివెల్లి' అయ్యాడు. పోలీసు కనబడితే సందులోకి తప్పుకోవడం, జ్వరమొస్తే ఆసుపత్రికి పోలేకపోవడం. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు ఆఖరు దాకా ఎమిరేట్స్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మేస్త్రే దగ్గరుండి కాగితాలు సరిచేయించాడు, తన కంపెనీలోనే హెల్పర్‌గా పెట్టించాడు. "నా ఫొటోకు నేనే జుర్మానా కట్టిన" అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు, పిలగాడు తప్ప.

> పోయే ముందు చూసుకోవాల్సినవి
> పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద గల్ఫ్ కొలువుకు వలస అనుమతి తప్పనిసరి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఈ పద్ధతిలో పోయినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పనికి పోతే ఇవేవీ వర్తించవు. ఎమిరేట్స్‌లో ఉన్న మనవాళ్ల కోసం భారత ప్రభుత్వ సహాయ కేంద్రం ఉచిత నంబరు 800 46342.

ప్రభుత్వాల సంగతీ ఒక మాట. 2020 సెప్టెంబరులో, కరోనా నడుస్తుండగా, గల్ఫ్ కార్మికులకు సిఫారసు చేసే కనీస వేతనాన్ని కేంద్రం తగ్గించింది. తెలంగాణ హైకోర్టు దాకా వ్యాజ్యం పోయింది, మరుసటేడు వెనక్కి తీసుకున్నారు. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల రూపాయల సాయం ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఎన్నో ఏండ్ల డిమాండ్ అది, మంచి పనే. అయితే బతికున్నప్పుడు మోసపోకుండా చూసే పని ఊళ్లో, ఏజెంటు గుమ్మం దగ్గర జరగాలి. అక్కడ ఇంకా చీకటే.

రాత్రి బస్సు

తొమ్మిది దాటాక తిరుగు బస్సెక్కాం. ఆ రోజు ఒక్కొక్కరి ఖర్చు భోజనంతో కలిపి 38 దిర్హాములు, జన్నారం దోస్తు పైసలతో సహా లెక్క కట్టాడు. సోనాపూర్ దగ్గరపడుతుంటే మేస్త్రి కిటికీలోంచి ఒక వైపు చూపించి, ఎంబామింగ్ అక్కడే చేస్తారని చెప్పాడు. దుబాయిలో పోయినవాళ్లను పెట్టెలో పెట్టి ఇంటికి పంపేది అక్కడి నుంచే. క్యాంపులూ అదీ ఒకే పేటలో. ఒకసారి ఊరి మనిషిని సాగనంపడానికి మేస్త్రి కూడా లోపలికి పోయాడట. ఆదివారం పూట ఎక్కువ చెప్పలేదు.

గదికి చేరేసరికి పదిన్నర. నలుగురూ మంచి అంగీలు విప్పి, మడత పోకుండా హ్యాంగర్లకు తగిలించారు. అలారాలు నాలుగింటికి పెట్టారు. కూలింగ్ అద్దాలు మేస్త్రి దిండు కింద, గుడ్డలో చుట్టి.

నేను లేవబోతుంటే దండేపల్లి దోస్తు అడిగాడు, "మల్ల ఎవలన్న ఊరి నుంచి టూరుకు వస్తే చెప్పు. సంకురాత్రి దగ్గరికొచ్చింది."

కాబట్టి చదువరులకు చిన్న మనవి. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా దుబాయి ప్యాకేజీ కడితే సూట్‌కేసులో రెండు కిలోల సకినాలకు జాగ ఉంచండి. పోయే ముందు మీ వాడలో అడగండి, ఎవరి మనిషి ఏ క్యాంపులో ఉన్నాడో పది నిమిషాల్లో తెలుస్తుంది. ఆదివారమైతే అతనే వచ్చి తీసుకుపోతాడు, ఇస్త్రీ అంగీ వేసుకుని.